నూటపద్దెనిమిదో బడిలో మామ

వాణికి సున్నా అంటే ఒళ్ళుమంట పట్టుకుంది. పట్టుకోదా మరి? నెలన్నరగా ఎండలో పడి, బస్సులు మారి, ఆటోల్లో ఇరుక్కుని, నెల్లూరు తీరం వెంట నూటపదిహేడు పసిపిల్లల బడులు తిరిగితే, కాగితం మీద మిగిలింది ఆ సున్నా ఒక్కటే.

పని పెట్టింది సుశీల్ కుమార్ సారు. వాణి ఆయన దగ్గరే చదువుకుంటోంది. ఆరేళ్ళలోపు పిల్లలకు చెప్పేవాళ్ళలో మగవాళ్ళెంతమంది, మన తీరంలో ఎందరు, నార్వే తీరంలో ఎందరు, ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి సారు వ్యాసం రాస్తారు. అంగన్‌వాడీల్లో ఆడవాళ్ళనే తీసుకుంటారు కాబట్టి ఆ లెక్క అడక్కముందే తేలిపోయింది. మిగిలినవి ప్రైవేటు బడులు, ట్రస్టుల బాలవాడీలు. నార్వేలో లెక్క చూసే అమ్మాయి ప్రతి శనివారం తన అంకె పంపేది. ముప్పై. డెబ్బై ఒకటి. పోయిన శనివారానికి నూటనలభై మూడు. అంకె కింద ఒక నవ్వుమొహం. ఆ పిల్ల మర్యాదకే పెట్టి ఉంటుంది, పాపం. వాణికి మాత్రం అది పళ్ళికిలించినట్టే కనిపించేది.

"సున్నా కూడా ఫలితమేనమ్మా" అన్నారు సారు ఫోన్లో. ఫలితమే, కాదన్నదెవరు? కానీ ఆ వ్యాసంలో నార్వేకి పన్నెండు పేజీలు పోతాయి, మనకు ఒక్క వాక్యం మిగులుతుంది. నెలన్నర ఎండ ఒక్క వాక్యమైపోతుందంటే కడుపు రగలదా?

చివరి రోజు, చివరి బడి. నూటపద్దెనిమిదోది. బోగోలు దాటి, సముద్రం ఒడ్డున అంకమ్మపాలెం. కావలిలోని తీరబాల ట్రస్టు నడిపే బాలవాడీ. జాబితాలో టీచరు పేరు కామాక్షి అని ఉంది. అంటే ఇక్కడా సున్నానే. అయినా వెళ్ళకుండా వెళ్ళానని రాయడం వాణికి చేతకాదు. బుచ్చిరెడ్డిపాలెంలో వడ్లు కొలిచే ఇంట పుట్టిన పిల్ల, కొలవందే లెక్క చెప్పదు.

ఆటో దిగగానే ఎండుచేపల గంప ముందు కూర్చున్న ఒక ముసలావిడ కనిపించింది. పేరు అంకాలమ్మ. వాణి మెడలో కార్డు, చేతిలో ఫారాలు, భుజాన సంచీ చూసి ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి.

"అవ్వా, ఇక్కడ చిన్నపిల్లలకు పాఠం చెప్పే మగాయన ఎవరైనా ఉన్నారా?"

అడిగింది అంతే. ఊళ్ళో ఎవరైనా పిడుగు పడిందన్నా అంకాలమ్మ అంత ఉలిక్కిపడేది కాదు.

"మగోళ్ళా? పిల్లోళ్ళకి పాటం చెప్పేదానికా? మా పాలెంలో మగోళ్ళకి అంత ఓపిక యాడుంది తల్లీ. అయినా ఈడ మగోళ్ళు ఎవురుండారు, అందరూ సముద్రం మీద ఉండారు."

పక్కనే తాటాకు పందిరి కింద పదిమంది మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నారు. అవ్వ మాట విని పదిమందీ ఒక్కసారే తలలు దించుకున్నారు. అందులో ఒకడు మెల్లగా లేచి, లుంగీ ఎగ్గట్టి, ఇళ్ళ వెనక నుంచి రేవు వైపు పరుగు తీశాడు.

"ఎండన పడొచ్చినావు. సోడా తాగిపో" అంది అంకాలమ్మ.

"వద్దవ్వా, ఆలస్యమైపోతుంది."

"తాగకపోతే నా మీద ఒట్టే."

సోడా వచ్చింది. తర్వాత టీ వచ్చింది. ఆ తర్వాత అంకాలమ్మ మోకాళ్ళ నొప్పుల కథ వచ్చింది. అది అయ్యేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. ఈ మర్యాదంతా ఎందుకో వాణికి అంతుపట్టలేదు. పాలెం ఆడవాళ్ళు చాలామంది అప్పటికే చేపల గంపలతో కావలి మార్కెట్టుకు ఆటోల్లో పోతున్నారు. ఇళ్ళ ముందు తండ్రులు పిల్లలకు తలలు దువ్వుతున్నారు, ముక్కులు తుడుస్తున్నారు, ఒకాయన పెద్ద మీసాలేసుకుని కూతురికి రిబ్బను కడుతున్నాడు. పడవలు తెల్లారేసరికి ఒడ్డుకొస్తాయి, చేపలు అమ్మడం ఆడవాళ్ళ పని, కాబట్టి పొద్దుటి పూట పిల్లలు మగవాళ్ళ చేతుల్లోనే ఉంటారు. ఇక్కడ అది వింత కాదు. వాణి వాళ్ళ ఊళ్ళో అయితే జనం నిలబడి చూసేవాళ్ళు. తనకెప్పుడూ నాన్న జడ వేసిన గుర్తు లేదు.

బాలవాడీ ఒకటే గది, పైన సిమెంటు రేకులు. గుమ్మానికి తలుపు లేదు. లోపల గోడకు ఆనించిన నల్లబల్లకు ఒక పక్క ఇత్తడి మడతబందులు ఇంకా వేలాడుతున్నాయి. తలుపునే పీకి, నల్లరంగేసి బల్ల చేశారన్నమాట. ఎవరిదో ఆ ఆలోచన, బాగుందే అనుకుంది వాణి.

ఇరవైముగ్గురు పిల్లలు చాపల మీద కూర్చున్నారు. కుర్చీలో కామాక్షి. ముప్పై ఏళ్ళుంటాయి. ఆవిడ కూర్చున్న తీరు చూస్తే, బస్సులో ఎవరో కర్చీఫు వేసుకున్న సీట్లో కూర్చున్నట్టుంది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. మోచేతి మీద ఒక చేప పొలుసు తళతళలాడుతోంది.

"రండి మేడమ్. నేనే టీచర్ని. రిజిస్టర్లో నా పేరే ఉండాది, చూడండి" అంది, వాణి ఇంకా నోరు తెరవకముందే.

"ఫర్వాలేదక్కా. పాఠం కానివ్వండి, కాసేపు కూర్చుంటాను."

కామాక్షి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఒక బుట్టలోంచి వలకు కట్టే బెండ్లు తీసి చాప మీద పెట్టింది. ఎర్రవి, పచ్చవి, నీటి మీద వలను తేల్చేవి. "ఎంచండ్రా" అంది.

"లాభం, రెండు, మూడు, నాలుగు..." పిల్లలు రాగం తీశారు.

"లాభం కాదురా. ఒకటి అనండి, ఒకటి."

పిల్లలు ఈవిడెవరో తెలియనట్టు చూశారు. వాణి చెవులు నిక్కబొడుచుకున్నాయి. వాళ్ళ నాన్న వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని లాభం అనే అంటాడు. ఇందాక ఆటో రేవు పక్కనుంచి వస్తుంటే పడవ దగ్గర చేపలు ఎంచే మగవాళ్ళు కూడా అలాగే పాడటం విన్నది. వీళ్ళకు ఎంచడం నేర్పింది ఈ కుర్చీలో మనిషి కాదు. పడవ మీద పనిచేసిన చెయ్యి ఎవరిదో అయ్యుండాలి.

ఆ మాట తట్టాక ఇంకొకటి కూడా కనిపించింది. నిమిషానికొకసారి పిల్లలందరూ వెనక గుమ్మం వైపే చూస్తున్నారు. అటు వలలు పెట్టుకునే కొట్టం ఉంది.

ముందు వరసలో కూర్చున్న ఒక పిల్లను వాణి దగ్గరికి పిలిచింది. నాలుగేళ్ళుంటాయి. రెండు పిలకలు, పెద్ద కళ్ళు.

"నీ పేరేంటమ్మా?"

"అబిగయీలు."

"మీకు బళ్ళో ఎవరు చెప్తారు?"

పిల్ల కామాక్షి వైపు చూసింది. వెనక గుమ్మం వైపు చూసింది. ఊపిరి పీల్చుకుని, బట్టీపట్టినట్టు చెప్పింది.

"అత్త చెప్తాది. మామ ఎవురూ లేడు. మాకు మామే లేడు."

మామ మాట అక్కడ ఎవరెత్తారు? కామాక్షి కళ్ళు మూసుకుంది. అబిగయీలు ఏదో తప్పు చేసినదానిలా కింది పెదవి కొరుక్కుని నిలబడింది.

అప్పుడు వెనక కొట్టంలోంచి ఒకాయన వచ్చాడు. ఎత్తుగా, నల్లగా, కుడికాలు కాస్త ఈడుస్తూ. చేతిలో వలదారం కండె అలాగే ఉంది. వాణిని చూడలేదు, భార్య కామాక్షినీ చూడలేదు. తిన్నగా అబిగయీలు ముందుకొచ్చి, వంగని మోకాలిని పక్కకు చాపి నేల మీద కూర్చున్నాడు.

"మామ ఉండాడమ్మా. ఈడనే ఉండాడు. నువ్వు తప్పు చేయలా. తప్పు నాది. ఇంక ఎవురడిగినా నిజమే చెప్పు. నిజం చెప్తే ఏం కాదు."

పిల్ల ఆయన మెడ పట్టుకుని భోరుమంది. మిగతా పిల్లలూ చాపలొదిలి వచ్చి ఆయన మీద పడ్డారు.

ఆయన పేరు పెంచలకృష్ణ. ఒడ్డుకు పడవను లాగే ట్రాక్టరుకూ పడవకూ మధ్య కాలు నలిగి రెండేళ్ళయింది. మోకాలు వంగని మనిషి పడవలో నిలబడలేడు. అప్పటిదాకా బాలవాడీ టీచరు కామాక్షే. ఇంట్లో ఒకరు చేపల మీదికి పోక తప్పలేదు, ఆ పని ఆవిడకు కొట్టిన పిండి. పోయేముందు పిల్లల్ని నాలుగు రోజులు చూసుకొమ్మని మొగుడికి అప్పజెప్పింది. ఆ నాలుగు రోజులే రెండేళ్ళయ్యాయి. ట్రస్టు కాగితంలో టీచరు స్త్రీ అయి ఉండాలని స్పష్టంగా రాసుంది. అందుకే పేరు ఆవిడది, పని ఈయనది. సూపర్వైజరు వస్తోందంటే పాలెమంతా ఏకమై ఒకరు కామాక్షిని పట్టుకొస్తారు, ఒకరు ఈయన్ను కొట్టంలోకి తోస్తారు, అంకాలమ్మ సోడా తాగిస్తుంది.

ఇదంతా కామాక్షి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. వాణి సగమే విన్నది. ఆమె చూపంతా చాపల మీదే ఉంది.

ఒక పిల్లవాడు ఆ రోజే కొత్తగా చేరాడట, ఆ సందడికి బెదిరి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పెంచలకృష్ణ వాణ్ణి ఊరుకోమనలేదు, చాక్లెట్టు ఇవ్వలేదు. చిరిగిన వల ఒక కొస వాడి చేతికిచ్చాడు. "ఏడ్చుకో నాయినా, ఫర్వాలా. ఏడుస్తానే పట్టుకో. వదిలినావంటే వల నేలబడిపోతాది" అన్నాడు. వాడు ఏడుస్తూనే పట్టుకున్నాడు. కాసేపటికి పట్టుకోవడమే మిగిలింది, ఏడుపు ఎటుపోయిందో తెలియదు. చిన్న వేళ్ళతో ముడులు వేస్తున్నారు కొందరు. ముడి వేసిన వేళ్ళకు బలపం పట్టుకోవడం ఎంత పని? ఇద్దరు బయటికెళ్ళి, తడివేలు పైకెత్తి గాలి ఎటు వీస్తోందో చూసొచ్చి, నల్లబల్ల మీద బాణం గుర్తు వేశారు. నూటపదిహేడు బడులు చూసింది వాణి. రంగుల గోడలు చూసింది, ఏసీ గదులు చూసింది, రైములు వినీ వినీ చెవులు హోరెత్తాయి. పిల్లలు ఇంత పనిలో మునిగిపోవడం మాత్రం ఎక్కడా చూడలేదు. ఏం మనిషి ఈయన, అనుకుంది. గట్టిగా మాట్లాడడు, ఒక్కసారి కూడా చెయ్యెత్తడు, అయినా అందరి కళ్ళూ ఆయన మీదే.

"ఆ అబిగయీలు నా మనవరాలే" అంది అంకాలమ్మ, ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి. అబద్ధం బయటపడినందుకు ఆవిడకు ఏమాత్రం సిగ్గు లేదు. "కోడలు చర్చికి పోతాది, పేరు ఆమె పెట్టుకునింది. మూడున్నరేళ్ళు వచ్చినా పిల్లకు ఒక్క మాట రాలా. మూగదనుకున్నాం. ఈడు ఒకనాడన్నా మాట్లాడమని అడిగినోడు కాదు. దినామూ దాని ముందర కూచోని బెండ్లు తప్పుగా ఎంచేది. లాభం, రెండు, నాలుగు. లాభం, రెండు, నాలుగు. నెలదినాలు అదే తంతు. ఒకనాడు దానికి కోపమొచ్చి మూడు అని అరిచింది. అదే దాని తొలి మాట."

వాణి అబిగయీలు వైపు చూసింది. ఆ పిల్లకు మాట తెచ్చింది ఈ మనిషి. కొత్తమనిషి ముందు ఆ పిల్లతో, ఆ మాటతోనే, ఈయనే లేడని చెప్పించారు. కొట్టంలో కూర్చుని అది విన్నవాడి ప్రాణం ఎలా ఉండి ఉంటుంది?

ఆమె ఫారం తీసింది. పేరు, పని, బడి పేరు, సంతకం. ఒక కాపీ బడి నడిపేవాళ్ళకు పంపాలి, అనుమతి ఇచ్చేటప్పుడు అందరూ పెట్టిన షరతు అదే. నెలన్నరగా ఈ ఒక్క ఫారం నింపడం కోసమే కాళ్ళరిగేలా తిరిగింది. ఇప్పుడు నింపితే సోమవారానికల్లా ట్రస్టుకు తెలుస్తుంది, ఈ మనిషికి ఈ పిల్లలు ఉండరు. వాణి ఫారాన్ని మళ్ళీ సంచీలో పెట్టేసింది.

"నేనేమీ చూళ్ళేదన్నా. సున్నా అనే రాసుకుంటాను. సున్నా కూడా ఫలితమేనట."

"ఏం లెక్కమ్మా అది?" అన్నాడు పెంచలకృష్ణ.

చెప్పింది. నార్వే అని చలిదేశం ఉందని, అక్కడా సముద్రం మీద బతికే ఊళ్ళున్నాయని, ఇలాంటి పసిపిల్లల బడుల్లో అక్కడ పదిమందికి ఇంచుమించు ఒకరు మగవాళ్ళేనని, ఆ ఒక్క తీరంలోనే ఇప్పటికి నూటనలభై ముగ్గురు తేలారని.

ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. "నూటనలభై ముగ్గురా? ఎవురన్నా వస్తే వాళ్ళంతా యాడ దాంకుంటారు?"

"వాళ్ళు దాక్కోరన్నా."

పెంచలకృష్ణ వల కొస పట్టుకున్న కొత్త పిల్లవాణ్ణి చూశాడు, అబిగయీలును చూశాడు.

"రాయండమ్మా" అన్నాడు.

కామాక్షి అదిరిపడింది. "నీకేమన్నా మతిపోయిందా? పిల్లోళ్ళు లేకపోతే నువ్వు ఒక్కదినం బతకలేవు. కాలు పోయినప్పుడు మనిషివి ఎట్టుండావో నేను చూళ్ళేదా?"

"అది నిజమే. పిల్లోళ్ళు లేకపోతే నేను ఏమైపోతానో నాకు తెలీదు. కానీ కామాక్షీ, మాట నేర్పినోణ్ణి నేనే, అబద్ధం నేర్పినోణ్ణీ నేనే అయినాను. రేపు మళ్ళా ఎవురో వస్తారు, ఇది మళ్ళా నేను లేనని చెప్తాది. అది నావల్ల కాదు." వాణి వైపు తిరిగి చెయ్యి చాపాడు. "ఆడ అంతమంది ఉంటే, మనకాడ ఒకడన్నా ఉండాల్నా లేదా? రాయండి."

వాణి ఫారం తీసిచ్చింది. పనేమిటి అన్న గడిలో ఆయన పిల్లలకు రాసి చూపించే గుండ్రటి అక్షరాలతో టీచరు అని రాసి, సంతకం పెట్టాడు.

సుశీల్ కుమార్ సారు ఆ రాత్రే ఫోన్ చేశారు. "ఒకటి అని ఉందేమ్మా, సున్నాకు బదులు పొరపాటున పడిందా?" అని అడిగారు. "పొరపాటు కాదు సార్, నేను కళ్ళారా చూశాను" అంది వాణి. నార్వే అమ్మాయికి కూడా ఆ అంకె పంపింది. ఆ పిల్ల ఈసారి నవ్వుమొహం పెట్టలేదు, ఆయన ఎలా ఉంటారు, ఏం నేర్పుతారు అని పది ప్రశ్నలు అడిగింది. అన్నిటికీ జవాబు రాసింది వాణి. రాసిందే గాని ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

సోమవారం ట్రస్టు సూపర్వైజరు వనజాక్షి గారు వస్తున్నారని తెలిసి వాణి మొదటి బస్సుకే బయల్దేరింది. తను పెట్టిన నిప్పును దూరంగా కూర్చుని చూడలేకపోయింది. పాలెం చేరేసరికి ఆశ్చర్యపోయింది. ఆ రోజు ఒక్క ఆడమనిషి కూడా మార్కెట్టుకు పోలేదు. ఖాళీ గంపలు బోర్లించి, వాటి మీద కూర్చుని ఉన్నారు అందరూ, బాలవాడీ చుట్టూ. అంకాలమ్మ సోడా తేలేదు.

వనజాక్షి గారు నోరు లేని మనిషి కాదు, గుండె లేని మనిషీ కాదు. రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేను దొంగపని జరిగిందనడం లేదు పెంచలకృష్ణా. కానీ కాగితంలో ఒకటి, బళ్ళో ఒకటి అయితే ఎట్లా? మగమనిషి చేతిలో ఆడబిడ్డల్ని పెట్టినారు, రేపు ఏదన్నా జరిగితే జవాబు చెప్పాల్సింది నేను. ఆ నియమం ఊరికే పెట్టలేదు."

"అడగాల్సిన మాటే అడిగినారు మేడమ్" అంది అంకాలమ్మ. "అందుకే ఆ గుమ్మం చూడండి. తలుపుండాదా? మొదటి దినమే పీకేసినాడు. పిల్లోళ్ళుండే గదికి తలుపెందుకు, వచ్చే పోయేవాళ్ళు అందరూ చూడాల్సిందే అన్నాడు. ఆ బల్ల ఆ తలుపే."

వనజాక్షి గారు లేచి వెళ్ళి బల్లకున్న మడతబందులు వేలితో తాకి చూసింది. రెండేళ్ళుగా ఆ బల్లను చూస్తూనే ఉంది, ఎన్నడూ అడగలేదు. తిరిగొచ్చి ఈసారి కుర్చీలో కాకుండా చాప మీద కూర్చుంది. ఎదురుగా అబిగయీలు.

"నువ్వు చెప్పమ్మా. మీకు బళ్ళో ఎవరు చెప్తారు?"

పోయినసారి ఇదే ప్రశ్న. ఇదే పిల్ల. గంపల మీద ఆడవాళ్ళు ముందుకు వంగారు. పెంచలకృష్ణ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చెప్పమని కనుసైగ కూడా చేయలేదు. అబిగయీలు మాత్రం ఆయన వైపే చూసింది. నుదురు ముడిచి, చాలా జాగ్రత్తగా అడిగింది.

"నిజం చెప్తే ఏం కాదు గదా మామా?"

ఆయన నోరు తెరిచాడు. ఏం చెప్తాడు? ఏం కాదని ఆ రోజు పిల్లకు మాటిచ్చేశాడు, ఆ మాట నిలబెట్టడం ఆయన చేతిలో లేదు. పాలెంలో ఎవరి చేతిలోనూ లేదు. వాణి వనజాక్షి గారి వైపు చూసింది. కామాక్షి చూసింది. చివరికి అబిగయీలు కూడా, మామ పలకకపోయేసరికి, ఆవిడ వైపే తిరిగి జవాబు కోసం నిలబడింది.

వనజాక్షి గారు కళ్ళద్దాలు తీసి పైటచెంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

"ఏం కాదు. చెప్పు తల్లీ" అంది.

"మా మామ" అంది అబిగయీలు.

నాలుగేళ్ళ పిల్లకు ఏం కాదని అందరి ముందూ చెప్పేశాక ఇక వెనక్కి పోయేదేముంది? వనజాక్షి గారు ఒళ్ళో రిజిస్టరు తెరిచి, టీచరు పేరు రాసే చోట కలం పెట్టి, పెంచలకృష్ణ ఇంటిపేరేమిటని కామాక్షిని అడిగింది.